ఫోను తగిలించిన డైరీ: హ్యాండ్‌స్ప్రింగ్ వైజర్‌తో నా పదమూడేళ్లు

ఇరవై ఏళ్లు దాటిన వస్తువుకి ఇప్పుడు రివ్యూ ఏమిటని అనకండి. కొన్న రోజుల్లో తెలుగులో ఇలాంటివి ఎక్కడ రాయాలో నాకు తెలీదు. పోయిన నెల గాజువాక ఇల్లు ఖాళీ చేసి మధురవాడ అపార్ట్‌మెంటుకి మారుతుంటే, బీరువా అడుగు అరలో పాత తువ్వాల్లో చుట్టి కనబడింది. లోపలి సర్క్యూట్ అంతా కనబడే తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, దాని నెత్తిమీద యాంటెనాతో నల్లటి ముక్క. మా అల్లుడు చూసి, "ఇదేంటి మామయ్యా, వాకీటాకీనా?" అన్నాడు. కాదు బాబూ, ఇది నా ఆఫీసు అన్నాను. ఆ మాట నిజం కూడా.

నేను ఎల్‌ఐసీ ఏజెంటుని. ఇప్పుడు మానేశాను గానీ 2001లో మంచి ఊపుమీద ఉన్నాను. బజాజ్ చేతక్ వేసుకుని పొద్దున గాజువాకలో బయల్దేరితే కూర్మన్నపాలెం, ఉక్కునగరం, అటునుంచి వెనక్కి ఎన్ఏడీ కొత్తరోడ్డు, కంచరపాలెం మెట్టు, సాయంత్రానికి పూర్ణా మార్కెట్. ఉక్కు ఫ్యాక్టరీ వాళ్లతో పెద్ద బాధ లేదు, చాలామందికి జీతంలోంచే ప్రీమియం కట్ అయిపోతుంది. బాధంతా దుకాణాల వాళ్లతో, ఆటోల వాళ్లతో, హార్బర్‌లో బోట్ల మీద పనిచేసేవాళ్లతో. మూడు నెలలకోసారి డ్యూ. గుర్తుచేయకపోతే కట్టరు, కట్టకపోతే పాలసీ ల్యాప్స్, ల్యాప్స్ అయితే నా కమీషనూ పోతుంది, రేపు వాళ్లింట్లో ఏదైనా జరిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి. ఈ లెక్కలన్నీ ఎర్ర గుడ్డ బైండింగ్ రిజిస్టర్‌లో ఉండేవి. వానాకాలం దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తిరిగేవాణ్ణి.

2000 సంవత్సరం రాగానే కంప్యూటర్ల తేదీలు తప్పుతాయన్న వైటూకే గొడవల రోజుల్లో న్యూజెర్సీ వెళ్లిన మా బావమరిది 2001 వేసవిలో ఊరొచ్చినప్పుడు దీన్ని తెచ్చి చేతిలో పెట్టాడు. "బావా, నీ ఎర్ర పుస్తకం పారెయ్" అన్నాడు. అది వైజర్ డీలక్స్, రంగు పేరు ఐస్. అక్కడ వచ్చిన కొత్తల్లో దాని ధర 249 డాలర్లు, అంటే మన లెక్కలో పదకొండు వేల దరిదాపు. ఫోను మాడ్యూల్ వేరు. దానికి మొదట్లో కనెక్షన్ తీసుకుంటే 299 డాలర్లు అన్నారట, తర్వాత తగ్గించారట. వాడెంత పెట్టాడో ఈ రోజుకీ చెప్పలేదు, నేనూ రెట్టించి అడగలేదు. బావమరిది ఇచ్చినదానికి బిల్లు అడిగితే ఇంట్లో నాకు అన్నం పుట్టదు.

ఈ కాలం పిల్లల కోసం అది ఏమిటో కొంచెం చెప్పాలి. పామ్ అనే చేతి డైరీని తయారుచేసిన జెఫ్ హాకిన్స్, డోనా డుబిన్‌స్కీ, ఎడ్ కాలిగన్ ఆ కంపెనీ వదిలి 1998లో హ్యాండ్‌స్ప్రింగ్ అని కొత్తది పెట్టారు. 1999లో వైజర్ వచ్చింది. లోపల సాఫ్ట్‌వేర్ పామ్‌దే. తేడా ఎక్కడంటే వెనకవైపు పైభాగంలో ఒక గాడి. దాని పేరు స్ప్రింగ్‌బోర్డ్. అందులో కెమెరా ముక్క పెడితే కెమెరా, పాటల ముక్క పెడితే పాటలు, మోడెమ్ పెడితే మోడెమ్. ముక్క దూర్చగానే దాని ప్రోగ్రాములు తెరమీద ప్రత్యక్షం, తీసేస్తే మాయం. ఫోను ముక్క పేరు వైజర్‌ఫోన్. సిమ్ అందులోనే వేయాలి. నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఏమిటంటే, వైజర్ కింది అంచున చిన్న కన్నం వెనక మైకు మొదటి మోడల్ నుంచీ ఉంది. ఫోను ముక్క వచ్చింది మాత్రం 2000 చివర్లో. అంతవరకు ఆ మైకు ఎందుకుందో కొన్నవాళ్లలో చాలామందికి తెలీదు. కడుపులో బిడ్డ ఉండగానే తొట్టి కొనిపెట్టినట్టు, వాళ్లు ముందే అంతా అనుకుని చేశారు.

రాయడం నేర్చుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. కీబోర్డు లేదు. తెర కింద ఒక గళ్ల జాగా, ఎడమ సగంలో అక్షరాలు, కుడి సగంలో అంకెలు, ప్లాస్టిక్ పుల్లతో గీయాలి. మామూలు అక్షరాలు కావు, గ్రఫిటీ అని వాటి తీరు వేరు. "ఎ" రాయాలంటే అడ్డగీత లేకుండా పూరింటి కప్పులా గీయాలి. "టి" అంటే అడ్డంగా ఒక గీత గీసి అక్కణ్ణుంచే కిందికి దించేయాలి. "కె" అయితే అచ్చం చేప బొమ్మ. మా చిన్నమ్మాయి అప్పుడు ఆరో తరగతి. అది రెండు రోజుల్లో నేర్చేసుకుని, "నాన్నా, కంచరపాలెం రాయాలంటే ముందు చేప గియ్యి" అని నాకు పాఠం చెప్పేది. తెలుగు రాదు దీనికి. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కించాను.

ఎక్కించాక తెలిసింది మన ఊరి పేర్లతో ఇబ్బంది. పేరులో మొదటి అక్షరాలు రాస్తే అక్కడికి వెళ్లి ఆగాలి, అదీ దాని సౌకర్యం. నా ఖాతాల్లో అప్పలనాయుళ్లు పదిహేడుగురు, అప్పారావులు ఇరవై పైన, సింహాచలాలు తొమ్మిది మంది, నూకరాజులు, సన్యాసిరావులు సరేసరి. అమెరికావాడికి ఇంటిపేరు కొడితే మనిషి దొరుకుతాడు. ఇక్కడ "అప్ప" అని కొడితే సగం విశాఖపట్నం దిగుతుంది. అందుకని ఒక ఉపాయం చేశాను. ఇంటిపేరు గడిలో మనిషి పేరు, దాని పక్కన ఊరు, పని: అప్పలనాయుడు మల్కాపురం వెల్డర్, అప్పలనాయుడు కంచరపాలెం పాలు. దాంతో దారిలో పడ్డాను.

డైరీగా దానికి వంక పెట్టలేను. అడ్రసు పేజీలో మనకి నచ్చినట్టు వాడుకోడానికి నాలుగు ఖాళీ గళ్లు ఇస్తాడు. ఒకదాంట్లో పాలసీ నంబరు, ఇంకోదాంట్లో ప్రీమియం ఎంత, మూడోదాంట్లో డ్యూ తేదీ, నాలుగోదాంట్లో నామినీ పేరు. పదిహేను వర్గాల దాకా మనమే పేర్లు పెట్టుకోవచ్చు. నేను పెట్టుకున్నవి: స్టీలు, షిప్‌యార్డు, బీహెచ్‌పీవీ, జింకు, రిఫైనరీ, పోర్టు, పూర్ణా మార్కెట్, హార్బర్, ఇలా. పొద్దున పోర్టు వైపు వెళ్తున్నానంటే పోర్టు నొక్కితే ఆ జాబితా ఒక్కటే వస్తుంది. క్యాలెండర్‌లో ఒకసారి పడేసి "ప్రతి మూడు నెలలకీ" అని చెప్తే చాలు, అది ఏళ్ల తరబడి గుర్తుచేస్తూనే ఉంటుంది. నేను డ్యూ తేదీకి ఒక అలారం, డ్యూ దాటినా కట్టనిచ్చే గ్రేసు నెల అయిపోడానికి వారం ముందు ఇంకో అలారం పెట్టేవాణ్ణి. "కీచ్ కీచ్" మని జేబులో అరిచేది. పెళ్లి భోజనాల దగ్గర కూడా.

ఎండలో దాని తెర అందం చెప్పాలి. 160 చుక్కలు నిలువు, 160 చుక్కలు అడ్డం, అంతా బూడిద రంగే, బొమ్మలు లేవు, ఏమీ లేవు. కానీ మే నెల మధ్యాహ్నం ఫిషింగ్ హార్బర్‌లో జెట్టీ మీద నిలబడి చూస్తే అక్షరం నల్లగా కొట్టొచ్చినట్టు కనబడేది. ఎండ ఎంత ఎక్కువైతే అంత బాగా. ఇప్పుడు నా దగ్గర ఉన్న పాతిక వేల ఫోను అదే ఎండలో అద్దంలా నా మొహం నాకే చూపిస్తుంది. కరెంటు పోయినప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఆకుపచ్చటి వెలుతురు. ఖర్చు రెండు ట్రిపుల్ ఎ సెల్లు, రిమోట్‌లో వేసే సన్నవి. ఫోను ముక్క లేకుండా వాడితే నాకు నెలన్నర పైగా వచ్చేవి.

ఇక ఫోను.

మొదటి సంగతి బరువు. రెండూ కలిసి పావుకిలోకి కొంచెం తక్కువ. బరువైనా పరవాలేదు, ఆకారం కుదరదు. వెడల్పుగా, పైన యాంటెనా పొడుచుకుంటూ. చొక్కా జేబులో పెడితే కుట్టు ఊడొచ్చేది. చివరికి మా కాలనీ టైలర్ దగ్గర నాలుగు చొక్కాలకి ఎడమ జేబు రెండంగుళాలు లోతుగా, లోపల ఇంకో గుడ్డ వేసి కుట్టించుకున్నాను. "ఎల్‌ఐసీ వోల్లకి బోనస్ ఎక్కువొచ్చినాదేటి బాబూ, పెద్ద జేబులు" అన్నాడతను.

రెండోది చెంప. స్పీకరు పైన ఫోను ముక్కలో, మైకు కింద వైజర్‌లో. మధ్యలో ఉన్న తెర అంతా మన చెంపకి ఆనాలి. విశాఖలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మొహం మీద జిడ్డు, చెమట ఎంతుంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. రెండు నిమిషాలు మాట్లాడి తీస్తే అప్పడం వేయించిన బూర్లెమూకుడులా ఉండేది తెర. జేబురుమాలుతో తుడిస్తే గాని పుల్ల గీత పడేది కాదు.

మూడోది అసలైనది. నాకు ఫోను చేసేవాడు అడిగేది ఒక్కటే ప్రశ్న: "సార్, నా డ్యూ ఎప్పుడు?" జవాబు చేతిలోనే ఉంది. కానీ ఆ చేతిలో ఉన్నది చెవికి ఉంది. చెవినుంచి తీస్తే అతని మాట వినబడదు, తీయకపోతే జవాబు కనబడదు. "ఒక్క నిమిషం ఉండండి" అని తీసి, తుడిచి, పేరు వెతికి, మళ్లీ చెవిలో పెట్టేసరికి అవతల లైన్ కట్. ఈ ఒక్క సంగతి కంపెనీవాళ్లకీ తెలిసే ఉంటుంది, అందుకే ఇయర్‌ఫోన్ పెట్టుకునే కన్నం ఇచ్చారు. అది కొని తగిలించుకున్న రోజు నుంచి నిజంగా రాజాలా ఉండేది. చెవిలో మాట వింటూ, తెరమీద అతని పాలసీ చూస్తూ, క్యాలెండర్ తిప్పుతూ మాట్లాడొచ్చు. 2001లో ఆ పని చేయగలిగినవాళ్లు మా బ్రాంచిలో నేనొక్కణ్ణే.

ఇయర్‌ఫోన్‌తో వచ్చిన చిక్కు వేరు. పూర్ణా మార్కెట్లో బెల్లం దుకాణం ముందు నిలబడి గాల్లోకి చూస్తూ మాట్లాడుతుంటే ఒక ముసలమ్మ ఆగి, "ఏటి బాబూ, సెవుడు మిసనా? సిన్నోడివే, అప్పుడేనా?" అని జాలిపడింది. కాదమ్మా, ఫోను అంటే, "ఫోనైతే సేతిలో ఉండాలి గదా" అని నమ్మకుండానే వెళ్లిపోయింది.

నంబరు నొక్కి ఫోను చేయడం మాత్రం హాయి. అడ్రసు పేజీలో నంబరు మీద పుల్లతో తడితే డయల్ అయిపోతుంది. అప్పటి మామూలు సెల్‌ఫోన్లో వంద పేర్లు ఎక్కించడమే గగనం, మూడు అక్షరాలకి ఒకే మీట. ఇక్కడ నా ఖాతాదార్లంతా ఇంటి అడ్రసులతో సహా ఉన్నారు. తెలిసినవాళ్లు చేస్తే పేరు తెరమీద పడేది.

పేరు పడటం ఎంత ఉపయోగమో ఆ రోజుల బిల్లు చూసినవాళ్లకే తెలుస్తుంది. 2003 దాకా మన దేశంలో వచ్చిన కాల్‌కి కూడా మనమే డబ్బు కట్టాలి. అవతలివాడు తీరిగ్గా వాళ్లబ్బాయి ఇంజనీరింగ్ సీటు గురించి చెప్తుంటే మీటరు నాకు తిరిగేది. అందుకని నా పద్ధతి ఏమిటంటే, మోగగానే పేరు చూసుకుని, కట్ చేసి, స్కూటర్ పక్కకి ఆపి, కిరాణా కొట్టు ముందు ఉండే రూపాయి కాయిన్ ఫోన్లోంచి వాళ్లింటికి చేయడం. రెండు ఖండాలు దాటొచ్చిన యంత్రాన్ని ఎడమ చేత్తో పట్టుకుని అందులో నంబరు చూస్తూ, కుడి చేత్తో ఎర్ర డబ్బా ఫోను నంబరు నొక్కడం. మా ఆవిడ ఒకసారి చూసి, "ఈ మాత్రానికి ఎర్ర పుస్తకం చాలదూ" అంది. సమాధానం చెప్పలేకపోయాను.

సిమ్ విషయం ఒకటి. అమెరికాలో అమ్మిన ఈ ముక్క 900, 1900 మెగాహెర్ట్జ్ తరంగాల మీదే పనిచేస్తుంది. మన దగ్గర మొదట వచ్చిన సెల్ కంపెనీలు 900 మీద ఉన్నాయి కాబట్టి నాది పలికింది. ఆ తర్వాత 1800 మీద కొత్త కంపెనీ చవగ్గా ఇస్తుందని మా బ్రాంచి కుర్రాళ్లంతా మారిపోతే నేనూ ఒక సిమ్ తెచ్చి వేశాను. గంటసేపు వెతికి వెతికి ఏమీ దొరకలేదంది పాపం. యూరప్‌లో అమ్మిన రకమైతే ఆడేది. బావమరిది న్యూజెర్సీ బదులు లండన్ వెళ్లి ఉండాల్సింది.

సిగ్నల్ సంగతి ఫోను తప్పు కాదు కాబట్టి ఎక్కువ రాయను. సింహాచలం కొండెక్కుతుంటే మూడో మలుపులో మాట తెగేది. డాల్ఫిన్స్ నోస్ అవతల యారాడలో సున్నా.

బ్యాటరీ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నా కొంప మునిగింది అక్కడే. ఫోను ముక్కకి తన లిథియం బ్యాటరీ తనకుంది, దాని చార్జరు వేరు. వైజర్‌కి సన్న సెల్లు వేరు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఫోను పనిచేయాలంటే తెర వెలగాలి, తెర వెలగాలంటే సన్న సెల్లు ఉండాలి. అవి అయిపోతే ఫోనులో నిండా చార్జి ఉన్నా అది మూగదే. పైగా మాటిమాటికీ ఫోను మోగి వైజర్‌ని లేపుతుంటే ఆ సెల్లు నెలన్నర కాదు కదా, రెండు వారాలు కూడా నిలిచేవి కావు.

ఇంకోటి. వైజర్ జ్ఞాపకమంతా కరెంటు ఉన్నంతసేపే. సెల్లు మార్చేటప్పుడు ఒక నిమిషంలోపు కొత్తవి వేసేయాలని కూడా వచ్చిన పుస్తకంలో స్పష్టంగా ఉంది. అది దాటితే లోపల ఉన్నదంతా చెరిగిపోతుంది. దీనికి విరుగుడుగా బావమరిది ఒక బ్యాకప్ ముక్క కూడా తెచ్చాడు. దాన్ని గాడిలో దూర్చి ఒక్కసారి నొక్కితే మొత్తం అందులోకి దిగిపోతుంది. ఎంత మంచి వస్తువో. కానీ గాడి ఒక్కటే. అందులో ఫోను కూర్చుంది. బ్యాకప్ పెట్టాలంటే ఫోను పీకాలి. పీకిన ఆ అయిదు నిమిషాల్లో ఎవరైనా చేస్తారేమో అని రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండేవాణ్ణి. కంప్యూటర్‌కి కలిపి హాట్‌సింక్ చేయొచ్చు, అంటే లోపలిదంతా కంప్యూటర్లోకి నకలు దింపొచ్చు, అది ఫోను తీయకుండానే అవుతుంది. కానీ మా ఇంట్లో అప్పటికి కంప్యూటర్ లేదు. ద్వారకానగర్‌లో మా మేనల్లుడి గదిలో ఉండేది. నెలకోసారి వెళ్తే గొప్ప.

2002 మార్చి. ఏజెంట్లకి మార్చి అంటే ఏమిటో చెప్తాను. అప్పట్లో ఆదాయపు పన్ను సెక్షన్ 88 కింద రాయితీ కోసం జీతగాళ్లంతా ఆఖరి పదిహేను రోజుల్లో పరిగెత్తుకుని వచ్చేవాళ్లు. ఏడాది వ్యాపారంలో సగం ఆ నెలలోనే. రోజుకి పది, పదిహేను మంది కొత్తవాళ్ల వివరాలు ఎక్కిస్తున్నాను: పుట్టిన తేదీ, నామినీ, ఎంత పాలసీ, ఫలానా రోజు సాయంత్రం ఆరింటికి రమ్మన్నారు, చెక్కు ఇరవయ్యో తారీకున ఇస్తారు. కాగితం మీద ఏమీ లేదు. చివరి బ్యాకప్ తీసి అయిదు వారాలు.

కంచరపాలెం మెట్టు దగ్గర టీ తాగుతుంటే తెరమీద సెల్లు అయిపోవచ్చాయని హెచ్చరిక వచ్చింది. పక్క కొట్లో "సన్న సెల్లు రెండు" అన్నాను, కుర్రాడు ప్యాకెట్ ఇచ్చాడు. నేను చూసుకోలేదు. స్కూటర్ సీటు మీద వైజర్ బోర్లా పెట్టి, మూత తీసి, పాత సెల్లు రెండూ ఒకేసారి పీకేసి, అప్పుడు ప్యాకెట్ చింపాను. లోపల ఉన్నవి టార్చిలైట్లో వేసే పెన్సిల్ సెల్లు. లావువి. సెల్లు పెట్టే గదిలో దిగవు.

పాతవే మళ్లీ వేసేస్తే సరిపోయేది. ఇప్పుడు కూర్చుని రాస్తుంటే అది తెలుస్తోంది. అప్పుడు మాత్రం వాటిని చేతిలో పట్టుకుని కొట్టుకి పరిగెత్తాను. అతని దగ్గర సన్నవి లేవు. రెండో కొట్లో లేవు. అప్పటికి ఇంటింటా ఇన్ని రిమోట్లు ఎక్కడివి? రైల్వే గేటు వైపు మూడో కొట్లో గోడ గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర దొరికాయి. తిరిగొచ్చి వేసేసరికి ఇరవై నిమిషాలు. బటన్ నొక్కితే తెరమీద స్వాగతం పలికి, మూల ఉన్న గురి మీద పుల్లతో తాకమంది. కొత్తగా డబ్బా విప్పిన రోజు ఎలా అడిగిందో అలాగే. క్యాలెండర్ తెరిచాను, శుభ్రం. అడ్రసులు శుభ్రం. వెనక గాడిలో ఫోను ముక్క మాత్రం నిక్షేపంగా ఉంది, నిండా సిగ్నల్‌తో. అదే నిమిషంలో మోగింది కూడా. పేరు పడలేదు, నంబరు ఒక్కటే పడింది. ఎత్తాను. "సార్, సాయంత్రం వస్తానన్నారు, ఎన్నింటికి?" అన్నాడు. ఎవరో అడగడానికి నోరు రాలేదు. "ఆరింటికి" అనేశాను. ఎక్కడికి వెళ్లాలో ఇప్పటికీ తెలీదు.

ఇంటికెళ్లి ఫోను పీకి బ్యాకప్ ముక్క పెడితే పాతవన్నీ తిరిగొచ్చాయి, రెండు నిమిషాల పని. అయిదు వారాలవి రాలేదు. రశీదుల కట్టలు, బ్రాంచిలో ఇచ్చిన ప్రపోజల్ కాగితాలు ముందేసుకుని మూడు రాత్రులు కూర్చున్నాను. మా ఆవిడ ఏమీ అనకుండా అటక మీంచి ఎర్ర పుస్తకం దింపి, దులిపి, పక్కన పెట్టి వెళ్లింది. పారేయమన్నది పారేయలేదన్నమాట. ఎనిమిది మంది మార్చి పాలసీలు పోయాయి. ఆ ఎనిమిది అని ఎలా తెలుసంటే, ఏప్రిల్‌లో వాళ్లే ఎదురై తిట్టారు.

తప్పు నాది. పుస్తకంలో ఉన్నది చదివి కూడా చేయలేదు. కానీ రివ్యూ కాబట్టి ఇంకోటి కూడా చెప్పాలి. ఫోను లేని వైజర్ అయితే ఆ సెల్లు అంత తొందరగా అయిపోయేవి కావు, గాడి ఖాళీగా ఉండేది, బ్యాకప్ వారం వారం జరిగేది. డైరీకి పదికి తొమ్మిదిన్నర వేస్తాను. ఫోనుకి, ఇయర్‌ఫోన్ ఉంటే ఆరు, లేకపోతే మూడు. రెండూ కలిపిన దానికి ఎంత అంటే సగటు తీయడం కుదరదు. ఆ కలపడమే డైరీ మార్కుల్ని తినేసింది.

ఆలోచన తప్పని మాత్రం అనను. అదే కంపెనీ 2002లో ట్రియో అని ఫోను, డైరీ ఒకే ఒంట్లో పెట్టి తెచ్చింది. మరుసటేడు కంపెనీ మళ్లీ పామ్‌లోనే కలిసిపోయింది. ట్రియో ఒకటి పట్టుకుని చూశాను, బావమరిది తర్వాతిసారి వచ్చినప్పుడు వాడి జేబులో ఉంది. ఒకే బ్యాటరీ, చేతిలో ఒదిగే ఆకారం. నాకూ తెస్తానన్నాడు. వద్దన్నాను. ఎందుకన్నానో, బహుశా కొత్త జేబులు కుట్టించినందుకేమో.

2005లో మామూలు సెల్‌ఫోన్ ఒకటి విడిగా కొని వైజర్‌ఫోన్ పీకేశాను. ఆ తర్వాత తొమ్మిదేళ్లు వైజర్‌ని ఒట్టి డైరీగానే వాడాను. అవే దాని మంచి రోజులు. గాడిలో బ్యాకప్ ముక్క శాశ్వతంగా కూర్చుంది. కుడి జేబులో ఫోను, ఎడమ లోతు జేబులో డైరీ. ఎవరైనా డ్యూ అడిగితే ఫోను చెవిలో, డైరీ కళ్ల ముందు. బావమరిది వింటే నవ్వుతాడు గానీ ఆ పని రెండు వస్తువులతోనే బాగా జరిగింది.

ఆఖరిగా గట్టిగా వాడింది హుద్‌హుద్ తుపాను అప్పుడు. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రాత్రి నుంచి గాజువాకలో కరెంటు లేదు, టవర్లు లేవు, కొత్త ఫోను మర్నాటికి చచ్చింది. వైజర్ రెండు సన్న సెల్లతో నడుస్తూనే ఉంది. అందులో అందరి నంబర్లూ ఉన్నాయి, చేయడానికి ఫోనులేదు. అయితే అడ్రసులు ఉన్నాయి కదా. హార్బర్ అని నొక్కి, ఆ జాబితా పట్టుకుని, విరిగిపడ్డ చెట్ల మధ్య స్కూటర్ పోయినంత దూరం పోయి, మిగతాది నడిచి, ఒక్కో ఇల్లూ చూసుకుంటూ వెళ్లాను. ఎవరికేమైందో రాసుకున్నది కూడా అందులోనే. చీకట్లో ఆ ఆకుపచ్చ వెలుతురు మీద.

ఇప్పుడు ఎవరికైనా పాత సామాన్ల దగ్గర ఇది దొరికితే రెండు మాటలు. సెల్లు ఉన్న గది మూత తీసి చూడండి, పాత సెల్లు కారి స్ప్రింగులకి పచ్చటి తుప్పు పట్టి ఉంటే వదిలేయండి. మన ఉప్పుగాలికి అది ఇంకా త్వరగా పడుతుంది. నేను దాచేటప్పుడు సెల్లు తీసేసి తువ్వాల్లో చుట్టాను కాబట్టి బతికింది. ఫోను ముక్క మీద ఆశ పెట్టుకోవద్దు. నాది చార్జికి పెట్టి రాత్రంతా ఉంచాను, దీపం వెలగలేదు.

వైజర్ మాత్రం వెలిగింది. ఇంట్లో సన్న సెల్లు లేక టీవీ రిమోట్‌లోవి తీసి వేశాను. స్వాగతం, మూల గురి, అన్నీ మామూలే. మనవడికి "కె" ఎలా గీయాలో చూపిస్తే వాడు చేప అంటూ తెర నిండా చేపలే గీశాడు. నేను అడ్రసుల్లో గుర్తున్నంతవరకు పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాను, చూద్దాం ఎంతమంది వస్తారో అని. పదకొండు మంది అప్పలనాయుళ్లు అయ్యారు. మల్కాపురం వెల్డర్ దగ్గర ఉండగా లోపల్నుంచి పిలుపు వచ్చింది, సీరియల్ టైమైంది, రిమోట్ సెల్లు ఎక్కడ పెట్టారని.